గల్లాపెట్టెకు తాళం... మరి ఖాతాదారుల గుట్టుకో?

పేరు, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, పుట్టినరోజు, ఆధార్ జిరాక్సు... ఇవాళ చిన్న చిన్న దుకాణాల్లో కూడా సరుకుతో పాటే ఇవీ పోగుపడుతున్నాయి. సరుకు పోతే నష్టం కొట్టువాళ్లకి. ఇవి పోతే నష్టం ఆ కొట్టును నమ్మినవాళ్లకి!

ఏ ఊరి బజారైనా అనుకోండి. రాత్రి తొమ్మిదిన్నర. ఒక్కో షట్టరూ దిగుతోంది. చీరలకు ఫాల్సూ, బ్లౌజులూ కుట్టే ఓ చిన్న బొటిక్‌లో యజమానురాలు ఆ రోజు వసూళ్లు లెక్క చూసుకుంది. నాలుగు వేల చిల్లర. రబ్బరు బ్యాండు వేసి సంచిలో పెట్టుకుంది. కుట్టుమిషన్ల మీద గుడ్డ కప్పింది. లైట్లు ఆర్పింది. షట్టరు దించి, అటొకటీ ఇటొకటీ తాళాలు వేసి, ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుని మరీ ఇంటిదారి పట్టింది.

లోపల బల్లమీద ఓ పుస్తకం ఉంది. దానికి దారంతో కట్టిన బాల్‌పెన్ను. అందులో ఆరువందల మంది ఆడవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి గుర్తులు, ఒంటి కొలతలు. పగలంతా అది ఆ బల్లమీదే తెరిచి ఉంటుంది. వచ్చినవాళ్లు తమ పేజీ వెతుక్కుంటూ పదిమంది పేజీలు తిప్పుతారు. కొరియర్ అబ్బాయి సంతకం పెట్టించుకోవడానికి దానిమీదే చెయ్యి ఆనిస్తాడు. ఎవరైనా సెల్‌ఫోన్‌తో టకటకా నాలుగు పేజీలు ఫొటో తీసుకుపోయినా అడిగే దిక్కు లేదు.

ఓ రోజు ఒక తల్లి వచ్చింది. ‘నాలుగేళ్లుగా మీ దగ్గరే కుట్టిస్తున్నాం. మా అమ్మాయి నంబరు ఎవరికిచ్చారండీ?’ అని నిలదీసింది. వారం రోజులుగా ఎవడో అర్ధరాత్రి ఫోన్లు చేస్తున్నాడు. అమ్మాయి పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఫలానా సందులో కదూ మీ ఇల్లు అంటున్నాడు. బొటిక్ యజమానురాలు బిత్తరపోయింది. ‘అయ్యో, నేనెవరికీ ఇవ్వలేదమ్మా’ అంది. అది నిజమే. కానీ, ఆ పుస్తకంలోంచి ఎవరూ తీసుకోలేదని చెప్పగలదా? చెప్పలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి

‘కంప్యూటర్లూ సమాచార భద్రతా పెద్ద కంపెనీల గొడవ. మాది చిన్న కొట్టు’ అనుకుంటారు చాలామంది. కాస్త కళ్లు తెరిచి చూస్తే ఆ మాట అనలేరు. రక్తపరీక్షలు చేసే ల్యాబులో రోగం వివరాలు. ట్యూషన్ సెంటర్లో పిల్లల ఫొటోలు, మార్కులు, ఏ సమయానికి వస్తారో ఏ సమయానికి వెళ్తారో ఆ పట్టిక. లాడ్జిలో ఆధార్ జిరాక్సులు. బంగారు కొట్టులో ఎవరింట్లో ఎంత బంగారం చేరిందో ఆ లెక్క. పెళ్లి సంబంధాలు చూసేవారి దగ్గర జాతకం నుంచి జీతం దాకా. పాలు పోసే అతని దగ్గర ఎవరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఊళ్లో ఉండరో ఆ సంగతి! దొంగకి ఇంతకన్నా ఏం కావాలి?

పాలవాడి చీటీ మీద ‘12 నుంచి 20 వరకు వద్దు’ అని రాస్తే అది పాల లెక్క. అదే చీటీ వేరేవాడి కంటపడితే తాళం వేసిన ఇంటి చిరునామా. చేతులు మారితే వివరం విలువే మారిపోతుంది. ఖాతాదారుల వివరాల విషయంలో ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

పెదవి దాటితే...

పెదవి దాటితే పృథివి దాటుతుందని సామెత. కొట్టు గుమ్మం దాటిన వివరం ఎంతదూరం పోతుందో చెప్పడానికి ఉదాహరణలకు కొదవ లేదు.

ఉత్తరప్రదేశ్‌లో మొబైల్ రీఛార్జి చేయించుకోవడానికి వచ్చే అమ్మాయిల నంబర్లను కొందరు దుకాణదారులు ఆకతాయిలకు అమ్ముకుంటున్న వైనం 2017 ఫిబ్రవరిలో పత్రికలకెక్కింది. ఒక్కో నంబరు 50 రూపాయల నుంచి 500 రూపాయల దాకా... అదీ అమ్మాయి అందచందాలను బట్టి! ఏ యంత్రజ్ఞానమూ అక్కర్లేదు. రీఛార్జి పుస్తకంలో నంబరు రాయించుకోవడమే అక్కడ జరిగిన ‘హ్యాకింగ్’.

మరుసటి ఏడాది మన దగ్గరే ఇంకో ఉదంతం. పెద్దపల్లి జిల్లాకు చెందిన ఓ సిమ్‌కార్డుల వ్యాపారిని 2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. భూముల రిజిస్ట్రేషన్ పత్రాలు అప్పట్లో ఇంటర్నెట్‌లో దొరికేవి. వాటిమీదున్న వేలిముద్రలను తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసి, ముక్కూముఖం తెలియనివారి పేరిట సిమ్‌కార్డులు చేతనం చేశాడన్నది అభియోగం. ఎందుకూ అంటే... కంపెనీ పెట్టిన టార్గెట్ అందుకోవడానికి! పొలం కొనుక్కున్న రైతు వేసిన వేలిముద్ర ఎక్కడో సిమ్‌కార్డుల లెక్కలో తేలుతుందని ఎవరు అనుకుంటారు?

ఇక 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు ఒక్క వ్యక్తిని పట్టుకుంటే అతని దగ్గర బయటపడినవి 66.9 కోట్ల మందికీ సంస్థలకూ సంబంధించిన వివరాలు. 24 రాష్ట్రాలు, 8 మహానగరాలవి. విద్యార్థులు, ఉద్యోగులు, వాహన యజమానులు... రకరకాల జాబితాలు కట్టి అమ్ముతున్నట్టు పోలీసులు చెప్పారు. ఇలాంటి జాబితాలు ఆకాశంలోంచి ఊడిపడవు. ఎవరో నమ్మి ఇస్తారు, ఇంకెవరో అజాగ్రత్తగా ఉంచుతారు, మూడోవాడెవడో అమ్ముకుంటాడు. ‘మీ కరెంటు బిల్లు కట్టలేదు’, ‘మీ పార్సిల్ ఆగిపోయింది’ అంటూ ఫోన్ చేసేవాడికి పేరూ ఊరూ ముందే తెలిసి ఉంటే అవతలివాళ్లు సగం నమ్మేస్తారు. ఆ సగం నమ్మకమే మోసగాడి పెట్టుబడి.

షావుకారి ఆవర్జా

వెనకటి షావుకార్లకు రెండు పుస్తకాలుండేవి. రోజువారీ పద్దులకు చిట్టా. ఎవరి ఖాతా వారికి విడివిడిగా ఆవర్జా. పద్దతి గల షావుకారు ఆవర్జా ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఒకరి బాకీ ఇంకొకరి ముందు చదివేవాడూ కాదు. ‘ఫలానావాళ్లు ఏ మాత్రం ఉన్నారేమిటి?’ అని సంబంధాలవాళ్లు ఆరా తీస్తే ‘వాళ్లింటి సంగతి వాళ్లనే అడగండి’ అని మాట దాటేసేవాడు. అందరూ అలాంటివాళ్లే ఉన్నారని కాదు. కానీ గుట్టు నిలబెట్టిన కొట్టుకే జనం మళ్లీ మళ్లీ వెళ్లేవారు. ఖాతా రాయడమంటే నమ్మకం రాయడం.

ఇప్పుడు ఆవర్జా సెల్‌ఫోన్‌లోకి మారింది. వాట్సాప్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, సీసీ కెమెరా, పెన్‌డ్రైవ్... సౌకర్యం పెరిగింది. దాంతోపాటే ఓ తేడా కూడా వచ్చింది. సొమ్ము పోతే గల్లాపెట్టె ఖాళీగా కనిపిస్తుంది. వివరాలు పోతే పుస్తకం నిండుగానే ఉంటుంది! నకలు తీసుకుపోయిన సంగతి నెలలు గడిచినా తెలియదు. అందుకే డబ్బుకన్నా వీటికే కాపలా ఎక్కువ కావాలి.

దీన్ని దర్జీ భాషలో చెప్పుకుంటే ఇంకా తేలిక. గుడ్డ తెచ్చిచ్చినవాళ్లు జాకెట్టు కుట్టమని ఇస్తారు. మిగిలిన ముక్కతో సహా అది వాళ్లదే. దర్జీ దాన్ని అమ్ముకోకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, వానలో తడవనివ్వకూడదు. ఫోన్ నంబరూ అంతే. ‘కుట్టడం అయిపోయాక కబురు చెయ్యండి’ అని ఇచ్చిన నంబరు కబురు చెయ్యడానికే.

చట్టమూ అదే అంటోంది

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఆరేళ్లకు, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. పర్యవేక్షించే బోర్డు ఏర్పాటు వంటివి వెంటనే, వ్యాపారులు పాటించాల్సిన ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత, అంటే 2027 మే నుంచి అమలయ్యేలా వాటిని రాశారు.

చట్టం ఇంగ్లిషు ప్రతిలో వివరాలు తీసుకునేవారిని ‘డేటా ఫిడ్యూషరీ’ అన్నారు. నమ్మి అప్పగించినదాన్ని కాపాడేవారని ఆ మాటకు భావం. షావుకారి ధర్మమే చట్టమైందన్నమాట. అందులోని ముఖ్యాంశాలు ఇంట్లో చెప్పుకునే మాటల్లో చెప్పుకోవాలంటే...

ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పాలి. చట్టంలో ఓ మందుల దుకాణం ఉదాహరణ కూడా ఇచ్చారు. డబ్బు ముట్టినట్టు మెసేజ్ పంపమని ఒకామె తన నంబరు ఇస్తే, ఆ రసీదు పంపడానికి దుకాణం దాన్ని వాడుకోవచ్చు. ఆ పనికే సుమా! అదే నంబరుకు వారం వారం ఆఫర్లు పంపాలనుకుంటే ఆ సంగతి విడిగా అడగాలి.

అవసరమైనంతే అడగాలి. ఫోన్‌లో వైద్య సలహా ఇచ్చే యాప్ రోగి ఫోన్‌లోని నంబర్ల జాబితా మొత్తం అడిగినా, వైద్యానికి ఆ జాబితాతో పనిలేదు కాబట్టి రోగి సరేనన్నా ఆ అనుమతి చెల్లదనేది చట్టంలోనే ఉన్న ఇంకో ఉదాహరణ.

అనుమతి అడిగే పత్రం ఇంగ్లిషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేంట్లోనో చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు అందులో ఉంది. ఇచ్చినంత తేలిగ్గా ఆ అనుమతిని వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలైతే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ట్యూషన్లూ, డ్యాన్సు క్లాసులూ నడిపేవారు దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

వివరాలు బయటికి పొక్కితే దాచకూడదు. సంబంధిత వ్యక్తులకూ బోర్డుకూ ఆలస్యం లేకుండా చెప్పాలి. పూర్తి వివరాలు 72 గంటల్లో బోర్డుకు అందించాలి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. వీధి చివర కొట్టుమీద 250 కోట్లు వేస్తారని కాదు. అది గరిష్ఠ పరిమితి. తప్పు తీవ్రత, ఎంతకాలం సాగింది, నష్టం తగ్గించడానికి ఏం చేశారు... ఇవన్నీ చూసి తగినంతే విధించాలని చట్టం చెబుతోంది.

‘మాది కాగితం పుస్తకమే కదా’ అంటారా? చట్టం డిజిటల్ రూపంలో ఉన్నవాటికీ, కాగితం మీద రాయించుకుని తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించినవాటికీ వర్తిస్తుంది. కాగితానికే పరిమితమైతే ఈ చట్టం అడగకపోవచ్చు. కానీ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. వినియోగదారు నమ్మకంతో చెప్పిన వ్యక్తిగత వివరాలను ఇతరులకు వెల్లడించడం అందులో అనుచిత వ్యాపార విధానం కిందికి వస్తుంది. దానికి కాగితమా, కంప్యూటరా అన్న భేదం లేదు.

అడగడం దగ్గరే సగం భద్రత

లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు. కాబట్టి మొదటి జాగ్రత్త తక్కువ అడగడమే. కూరగాయల బిల్లుకు పుట్టినరోజు ఎందుకు? జీఎస్టీ బిల్లులో కూడా, రిజిస్ట్రేషన్ లేని మామూలు కొనుగోలుదారు పేరూ చిరునామా 50 వేల రూపాయలూ అంతకుమించిన బిల్లులకే తప్పనిసరి. ఫోన్ నంబరు ఇస్తేనే బిల్లు వేస్తామని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దుకాణదారులకు సూచించింది.

కొన్నిచోట్ల చట్టమే రాసి ఉంచమంటుంది. కొన్ని రకాల యాంటీబయాటిక్స్ వంటి హెచ్1 మందులు అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు పరిమాణం రిజిస్టర్లో రాసి మూడేళ్లు ఉంచాలి. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. అలాంటివి తప్పవు. మిగిలినవాటికి మాత్రం ప్రతి గడి దగ్గరా ఒకే ప్రశ్న: ఇది లేకపోతే ఈ పని ఆగుతుందా? ఆగదంటే ఆ గడి కొట్టేయొచ్చు.

గుర్తింపు పత్రం చూడాల్సి వస్తే చూసి తిరిగి ఇచ్చేస్తే సరిపోతుందేమో ఆలోచించాలి. కాపీ ఉంచుకోక తప్పదంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంది. ఆధార్ సంస్థ వెబ్‌సైట్ నుంచే దాన్ని దించుకోవచ్చు. ఇక కార్డు నంబర్ల సంగతి. ఆన్‌లైన్ అమ్మకాల్లో కొనుగోలుదారు కార్డు నంబరును వ్యాపారి దాచుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022 అక్టోబరు 1 నుంచి నిబంధన తెచ్చింది. ‘కార్డు ఫొటో తీసి వాట్సాప్ చేయండి’ అనే అలవాటు ఎక్కడైనా ఉంటే ఇవాళే మానుకోవడం మంచిది.

అడిగే తీరు కూడా ముఖ్యమే. కౌంటర్ దగ్గర పదిమంది వరుసలో నిలబడి ఉండగా ‘నంబరు గట్టిగా చెప్పండమ్మా’ అనడం కన్నా చీటీమీద రాయించుకోవడమో, వాళ్లచేతే నొక్కించడమో మర్యాద. ల్యాబులో ‘ఫలానావారి షుగరు రిపోర్టు’ అని కేకేయడం కూడా వివరాలు బయటపెట్టడమే.

దాచడంలో చిన్న చిన్న మెలకువలు

మళ్లీ బొటిక్ దగ్గరికే వద్దాం. శ్రావణమాసం ఆఫర్లు చెబుదామని ఖాతాదారులందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టింది యజమానురాలు. మంచి ఉద్దేశమే. కానీ గ్రూపులో చేర్చగానే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. అంటే రెండొందల మంది ఆడవాళ్ల నంబర్లు ఆమె తన చేతులతోనే పంచిపెట్టినట్టు! అదే బ్రాడ్‌కాస్ట్ జాబితా అయితే కబురు ఎవరికి వారికి విడిగా వెళ్తుంది. కొట్టు నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవారికే అది చేరుతుంది కూడా. ఖర్చు ఒక్క పైసా లేదు. తెలియడమే కావాలి.

కొట్టు ఫోను వేరు, ఇంటి ఫోను వేరుగా ఉంటే మంచిది. పిల్లలు ఆటలకు తీసుకునే ఫోన్‌లోనే ఆరువందల మంది నంబర్లుండటం క్షేమం కాదు. ఫోనుకు లాకు, వాట్సాప్‌కు ఆరంకెల పిన్నుతో రెండంచెల భద్రత పెట్టుకోవాలి. వాట్సాప్ ఏయే కంప్యూటర్లలో తెరిచి ఉందో ‘లింక్‌డ్ డివైజెస్’లో వారానికోసారి చూసుకోవాలి.

బిల్లింగ్ కంప్యూటర్‌లో అందరికీ ఒకే పాస్‌వర్డు, అదీ మానిటర్‌కు అతికించిన కాగితం మీద... చాలా కొట్లలో కనిపించే దృశ్యమిది. ఎవరి లాగిన్ వారికి ఉండాలి. బిల్లు వేసే అబ్బాయికి బిల్లు వేసే వీలు చాలు, జాబితా మొత్తం దించుకునే వీలు అక్కర్లేదు. పని మానేసి వెళ్లినవారి లాగిన్ ఆ రోజే తీసేయాలి. అది వారిని అనుమానించడం కాదు. రేపు ఏదైనా జరిగితే నింద వారిమీద పడకుండా కాపాడటం కూడా.

‘సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి, మీ కంప్యూటర్ ఒక్కసారి మాకు కనెక్ట్ చేయండి’ అని ఫోన్ వస్తే వెంటనే సరేనకూడదు. బిల్లుమీదున్న కంపెనీ నంబరుకు మనమే ఫోన్ చేసి కనుక్కోవాలి. లెక్కల పని బయటివారికి అప్పగించినా బాధ్యత మాత్రం కొట్టు యజమానిదేనని కొత్త చట్టం స్పష్టంగా చెబుతోంది. వారానికోసారి వివరాల నకలు వేరే డ్రైవులోకి తీసి, దాన్ని కంప్యూటర్ నుంచి విడదీసి బీరువాలో పెట్టాలి. పోవడమంటే దొంగలు ఎత్తుకెళ్లడమే కాదు, హార్డ్‌డిస్కు చెడిపోవడం కూడా!

పారేయడమూ ఒక విద్యే

మిరపకాయ బజ్జీల పొట్లం విప్పితే లోపల ఎవరిదో దరఖాస్తు ఫారం! చాలామందికి అనుభవమే. తూకానికి వేసే చిత్తుకాగితాల్లో జిరాక్సులు, పాత రిజిస్టర్లు, కొరియర్ కవర్లు కలిసిపోతుంటాయి. చింపి ముక్కలు చేయకుండా ఏ కాగితమూ కొట్టు దాటకూడదు.

నెట్ సెంటర్లూ జిరాక్సు దుకాణాలూ ఇంకాస్త జాగ్రత్తపడాలి. ప్రింటు కోసం రోజంతా ఎవరెవరో తమ సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌పుస్తకాలు సెంటరు వాట్సాప్‌కు పంపుతుంటారు. ప్రింటు చేతికివ్వగానే ఆ ఫైలు వాట్సాప్‌లోంచీ, కంప్యూటర్‌లోని డౌన్‌లోడ్స్ నుంచీ, రీసైకిల్ బిన్ నుంచీ తీసేయడం పనిలో భాగం కావాలి. అది ఖాతాదారు కళ్లెదుటే చేస్తే... ఏ ప్రకటన బోర్డూ తేలేని పేరు వస్తుంది. పాత ఫోను, పాత కంప్యూటరు అమ్మేముందు ఖాతాల నుంచి బయటికొచ్చి, మొత్తం చెరిపేసి ఇవ్వాలి.

ఎన్నాళ్లు ఉంచాలన్నదానికీ లెక్క ఉండాలి. మూడేళ్లుగా రాని ఖాతాదారు కొలతలు ఎందుకు? వచ్చినా కొలతలు అవే ఉంటాయా! ఏటా ఉగాదికి పాత పద్దులు సరిచూసుకునేటప్పుడే అక్కర్లేని పేర్లు కొట్టేస్తే అటు పుస్తకం తేలిక, ఇటు మనసూ తేలిక.

జరగరానిది జరిగితే?

ఎంత జాగ్రత్తపడినా ఫోను పోవచ్చు, వాట్సాప్ ఎవరి చేతిలోకో వెళ్లొచ్చు. అప్పుడు పరువు పోతుందని దాచిపెట్టడమే అసలు పొరపాటు. కొట్టు నంబరు నుంచి ‘అర్జెంటుగా డబ్బు పంపండి’ అని మెసేజ్ వెళ్తే నమ్మి పంపేది ఖాతాదారులే. ముందుగా వారికి చెప్పాలి. ‘మా ఫోను పోయింది. ఈ నంబరు నుంచి ఏం వచ్చినా నమ్మొద్దు’ అన్న ఒక్క కబురు ఎన్నో ఇళ్లను కాపాడుతుంది. సిమ్ ఆపించడం, పాస్‌వర్డులు మార్చడం, పోలీసులకు ఫిర్యాదు... ఇవి వెంటవెంటనే జరగాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఇక కొనుగోలుదారులు చేయాల్సింది కూడా లేకపోలేదు. ‘నంబరు ఎందుకండీ?’ అని నవ్వుతూ అడగొచ్చు. ఇవ్వకపోయినా బిల్లు వేయమనొచ్చు. జిరాక్సు ఇవ్వాల్సి వస్తే దానిమీద ఏ పనికి, ఏ తేదీన ఇస్తున్నారో అడ్డంగా రాసి ఇవ్వొచ్చు. అన్యాయం జరిగిందనుకుంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది.

కౌంటర్ దగ్గర అతికించుకోవడానికి...

* ఈ వివరం లేకపోతే పని ఆగుతుందా? ఆగదంటే అడగొద్దు.
* ఎందుకు తీసుకుంటున్నామో చెప్పాలి. ఆ పనికే వాడాలి.
* పుస్తకం సొరుగులో, సొరుగుకు తాళం.
* గ్రూపు వద్దు, బ్రాడ్‌కాస్ట్ జాబితా ముద్దు.
* ఎవరి లాగిన్ వారికే. పని మానేసిన రోజే అది రద్దు.
* ఆఫర్ మెసేజ్‌లు వద్దన్నవారికి మళ్లీ పంపొద్దు.
* పని అయ్యాక ఫైలు తీసేయాలి, కాగితం చింపేయాలి.
* పొరపాటు జరిగితే ముందు ఖాతాదారుకు చెప్పాలి.

ఆ రాత్రి బొటిక్‌లో లైట్లు ఆరడానికి కాస్త ఆలస్యమైంది. యజమానురాలు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. రెండేళ్లుగా రానివారి పేజీలు చింపి ముక్కలు చేసింది. మిగిలినవారికి వరస నంబర్లు ఇచ్చింది. ఇకనుంచి కొలతల పుస్తకంలో వరస నంబరే ఉంటుంది. పేరూ ఫోనూ వేరే చిన్న పుస్తకంలో. కొలతలు చూసి కుట్టేవారికి పేరుతో పనిలేదు, ఫోను చేసేది తనే కదా! చిన్న పుస్తకాన్ని డబ్బు సంచిలోనే పెట్టుకుంది. వాట్సాప్ గ్రూపు తీసేసింది.

మర్నాడు ఆ తల్లికి ఫోన్ చేసింది. ‘మీ అమ్మాయి నంబరు మా దగ్గర్నుంచే వెళ్లిందో లేదో నాకు తెలియదమ్మా. కానీ వెళ్లే వీలుండటం నా తప్పే. ఇకమీదట ఆ వీలు ఉండదు. పోలీసులకు ఫిర్యాదు ఇస్తానంటే నేనూ వస్తాను’ అంది. అవతలి నుంచి కాసేపు మాట లేదు. తర్వాత... ‘పండక్కి రెండు జాకెట్లు కుట్టాలి. రేపు అమ్మాయిని తీసుకుని వస్తానులెండి’ అని వినిపించింది.